ముప్పై రెండో షీటులో మరక

మా ఆఫీసులో ఆవిడని అందరూ గీతలక్క అనేవాళ్ళు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. పటాలు తయారుచేసే ప్రభుత్వ శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసింది. నేను ఉద్యోగంలో చేరేనాటికి చేత్తో పటం గీయగల మనుషుల్లో ఆవిడే చివరిది. మిగతావాళ్ళు కొందరు కంప్యూటర్ల ముందుకి మారారు, కొందరు ఇంటికి వెళ్ళిపోయారు.

మూడో అంతస్తులో ఉత్తరం కిటికీ పక్కన ఆవిడ బల్ల. ఉత్తరం వైపైతే నేరుగా ఎండ పడదు, చేతి నీడ గీత మీదికి రాదు. బల్ల పైభాగమంతా గాజు, ఆ గాజు కింద రెండు ట్యూబులైట్లు. పక్కన పొట్టి స్టూలు మీద నల్ల సిరా సీసా, ఉతికి ఉతికి మెత్తబడిన గుడ్డ, నిబ్బులు దాచుకునే రేకు డబ్బా. అది ఎప్పటిదో మందుబిళ్ళల డబ్బా. లోపల నిబ్బులు గలగలమనకుండా అడుగున సిరా పీల్చే బ్లాటింగ్ పేపరు మడత ఒకటి ఉండేది. సిరా సీసాని మాత్రం బల్ల మీద పెట్టనిచ్చేది కాదు.

"బల్ల మీదుంటే అది పడకుండా ఉండలేదు బాబూ. దాని బుద్ధే అంత," అనేది.

గీసేటప్పుడు ఊపిరి బిగబట్టేది. ఒక ఊపిరికి నాలుగు సెంటీమీటర్లు. ఆగి, గాలి పీల్చుకుని, ఆపిన చోటే మళ్ళీ నిబ్బు ఆనించేది. ఆ అతుకు భూతద్దం పెట్టి వెతికినా దొరికేది కాదు. నేను భౌతికశాస్త్రం చదువుకుని వచ్చినవాణ్ణి, కొలవనిదే దేన్నీ నమ్మను. చేరిన కొత్తలో ఆవిడ గీసిన ఒక పాత హద్దు గీతని స్కాన్ చేసి, నూట ఇరవై చోట్ల దాని మందం కొలిచాను. అన్ని చోట్లా సున్నా పాయింటు నాలుగు మిల్లీమీటర్లే. ఆ లెక్క కాగితం మీద వేసుకుని వెళ్ళి చూపించాను.

"ఇంత చదువూ చదివింది నా గీతలు కొలవడానికా?" అని నవ్వింది. "మా ఆయనకి చూపించాలి ఇది. ముప్పై ఏళ్ళుగా నేను గీసిన గీత దాటలేదని చెప్పుకుంటాడు. దాటకపోవడం కాదు, ఎక్కడుందో తెలియక కుర్చీలోంచి కదలడు."

పక్క బల్ల గుమాస్తా అందుకున్నాడు. "మా ఇంట్లో కూడా ఒకటి గీసిపెట్టక్కా."

"నువ్వు కొలతలు తీసుకురా. వంకరలు నీవి, గీత నాది."

మా పాప పుట్టింది ఆ ఏడే. నేను ఫోను తెర పైకి ఉండేలా బల్ల మీద పెట్టుకుని పనిచేసేవాణ్ణి. పాప తాగిన పాలు, ఒంటి వేడి, నిద్రపోయిన నిమిషాలు ఒక పుస్తకంలో గళ్ళు గీసి రాసేవాణ్ణి. ముప్పై ఏడు పాయింటు నాలుగంటే కంగారు పడాలా వద్దా అని మా ఆవిడని గంటగంటకీ అడిగేవాణ్ణి. గీతలక్క అదంతా గమనించేది, ఏమీ అనేది కాదు. ఒకసారి మాత్రం దగ్గరికి వచ్చి, "ఫోను తిప్పి పెట్టుకో. మోగితే ఎలాగూ వినపడుతుంది. చూస్తూ కూర్చుంటే చెయ్యి వణుకుతుంది," అంది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలియదు.

ఇక ముప్పై రెండో షీటు సంగతి.

మన దేశానికీ పక్క దేశానికీ మధ్య హద్దు మొత్తం నలభై ఒక్క షీట్ల మీద ఉంటుంది. పాతికేళ్ళ కింద రెండు దేశాలూ కలిసి గీయించిన షీట్లవి. సరి సంఖ్య షీట్లు మనవాళ్ళు గీయాలి, బేసి సంఖ్యవి వాళ్ళు. ఒకళ్ళు గీస్తున్నంతసేపూ రెండో దేశం మనిషి ఎదురుగా కూర్చుని చూడాలి. చివర ఇద్దరూ సంతకం పెట్టాలి. అప్పట్లో రెండు దేశాల స్థితీ దాదాపు ఒకటే. వాళ్ళ బల్లా మన బల్లా కలిపి వేస్తే మనది రెండు వేళ్ళు ఎత్తుగా ఉండేదట. వాళ్ళ బల్ల కాళ్ళ కింద అట్టముక్కలు మడిచిపెట్టి సమానం చేసుకున్నారట. ఆ తర్వాత ఇద్దరూ ఎదిగారు. వాళ్ళు ఫ్యాక్టరీలు పెట్టారు, మనం ఇంకా ఎక్కువ పెట్టాం. వాళ్ళకి సముద్రం లేదు. సరుకు రేవుకి చేరాలంటే మన రోడ్డు మీదుగానే పోవాలి. వాళ్ళు ఎదిగే కొద్దీ వాళ్ళ లారీలు పెరిగాయి. లారీలు పెరిగే కొద్దీ మన గేటు దగ్గర వాళ్ళు నిలబడే సమయమూ పెరిగింది.

నా పని ఆ నలభై ఒక్క షీట్లనీ కంప్యూటర్లోకి ఎక్కించడం. కాగితం మీది గీతకి రెండు అంచులుంటాయి. కంప్యూటర్లో గీతకి పొడవే తప్ప మందం ఉండదు. కాబట్టి మందం మధ్యగా చుక్కలు పెట్టుకుంటూ వెళ్ళాలి. ముప్పై ఒక్క షీట్లు సాఫీగా జరిగాయి. ముప్పై రెండో షీటులో, ఒక కొండ వాలు దగ్గర, గీత ఉన్నట్టుండి లావెక్కింది. ఆరు మిల్లీమీటర్ల పొడవునా మూడింతలు లావు. ఆ లావంతా అవతలి వైపుకే. ఆ షీటులో మిల్లీమీటరంటే నేల మీద యాభై మీటర్లు. అంటే మూడు వందల మీటర్ల పొడవు, నలభై మీటర్ల వెడల్పు నేల గీత కడుపులో ఉంది. ఆ నేల మీద ఒక చిన్న నీలం గుండ్రం కూడా ఉంది. మా పటాల్లో ఆ గుర్తుకి అర్థం నీటి ఊట.

గీసిన మనిషి నాకు పన్నెండు అడుగుల దూరంలో కూర్చుని ఉంది. లేచి వెళ్ళి, "అక్కా, ఇదేమిటి ఇలా ఉంది?" అని అడిగితే సరిపోయేది. నేను అడగలేదు. కాగితం మీద అడగడమే పద్ధతి అనుకున్నాను. చక్కగా కొలతలు వేసి, "షీటు 32లో గీత మందం అసాధారణంగా ఉంది, మధ్య తీసుకోవాలా, అంచు తీసుకోవాలా, ఆదేశాలు కోరుతున్నాను" అని నోటు రాసి పైకి పంపాను. రాసినందుకు లోలోపల మురిసిపోయాను కూడా.

మూడోరోజు డైరెక్టరు గారే మా అంతస్తుకి దిగి వచ్చారు. వెన్ను వంగదు, ఎదుటి మనిషిని కొలిచినట్టు చూస్తారు కాబట్టి ఆయన్ని వెనకాల పెద్ద స్కేలు అనేవాళ్ళం.

"ఎవరిది ఈ నోటు?"

"నాదే సార్."

"శభాష్. ఇన్నేళ్ళలో ఎవడికీ కనపడలేదు చూడు."

ఆ శభాష్ ఇంటిదాకా నా వెంటే వచ్చింది. పాపకి పాలు పడుతూ మా ఆవిడకి రెండుసార్లు చెప్పాను.

తర్వాత జరిగింది అందరూ పేపర్లో చదివిందే. ఆ ఊట నుంచి పైపు వేసుకుని పక్క దేశం వాళ్ళు తమ కొండ మీది ఊరికి తాగునీళ్ళు తీసుకెళ్తున్నారు. ఊళ్ళో తొమ్మిది వేల మంది. వేరే నీళ్ళు లేవు. గీత బయటి అంచే హద్దు అని, ఊట మనదని, ఇన్నేళ్ళూ మన మంచితనం వల్ల వాళ్ళు వాడుకున్నారని మనవాళ్ళు ప్రకటించారు. గీత లావుగా ఉందంటే ఊటని లోపలికి తీసుకోవడానికే అలా గీశారన్నారు. గీసిన మనిషి ఎవరని వెతికారు. గీతలక్క దొరికింది. కింది హాల్లో మైకు పెట్టి, ముందుచూపు గల ఉద్యోగి అని పొగిడి, గాజు జ్ఞాపిక చేతికిచ్చి ఫోటో తీశారు.

ఆ ఫోటోలో అందరూ కెమెరాని చూస్తున్నారు, ఆవిడొక్కతే జ్ఞాపికని చూస్తోంది. చేతిలో ఎవరో పసిబిడ్డని పెట్టి వెళ్ళిపోతే ఏం చెయ్యాలో తెలియని మనిషిలా ఉంది.

మర్నాడు పక్క గుమాస్తా, "అక్కా, పార్టీ లేదా? దేశానికి నలభై మీటర్లు సంపాదించిపెట్టావు," అన్నాడు.

"నోరుముయ్యి," అంది. అంత మాట ఆవిడ నోట ఎన్నడూ వినలేదు. గుమాస్తా మొహం చిన్నబోయింది.

భోజనాల వేళ అందరూ కిందికి వెళ్ళాక నన్ను పిలిచింది. ముప్పై రెండో షీటు గాజు మీద పరిచి కింద లైటు వేసింది. వెలుగు కాగితంలోంచి పైకి వచ్చింది. నల్ల సిరా లోపల ఇంకో గీత కనపడింది. సన్నటి బూడిదరంగు పెన్సిలు గీత. లావు సిరా దగ్గర అది ఏమాత్రం వంగలేదు. ఊటని అవతలి వైపే వదిలేసి తిన్నగా సాగిపోయింది.

"ముందు పెన్సిల్తో గీస్తాం. దాన్ని చెరో పక్కా కప్పుతూ సిరా వేస్తాం. హద్దంటే పెన్సిలు గీతే బాబూ. సిరా దాని బట్ట," అంది. "ఇక్కడ పడింది మరక."

అప్పుడు చెప్పింది. ఆ రోజుకి వాళ్ళబ్బాయికి ఎనిమిదో నెల. రాత్రంతా జ్వరం. పొద్దున్న తల్లికి అప్పగించి ఆఫీసుకి వచ్చింది, ఎందుకంటే షీటు ఆ వారమే అయిపోవాలి. గీస్తూ ఉండగా అటెండరు తలుపు తోసుకుని వచ్చి, "అమ్మా ఫోను, మీ ఇంటి నుంచి, తొందరగా రమ్మంటున్నారు," అని కేకేశాడు. చెయ్యి అదిరింది. నిబ్బులోని సిరా మొత్తం కాగితం మీదికి దిగింది.

మామూలు షీటైతే ఆరాక బ్లేడుతో గీకేస్తారు. ఉమ్మడి షీటు గీకకూడదు. గీకిన జాడ కనపడితే ఎవరో మార్చారనే అనుమానంతో షీటు చెల్లదు. మళ్ళీ మొదటి నుంచి గీయాలంటే మూడు వారాలు.

ఎదురుగా పక్క దేశం ఆయన కూర్చుని ఉన్నాడు. ఆయన్ని మా వాళ్ళు ఎదురుబల్లాయన అనేవాళ్ళు. ఆయన లేచి, తన బ్లాటింగ్ పేపరు మరక మీద ఆనించి, చేత్తో నొక్కి పట్టుకున్నాడట.

"నేను ఏడుస్తూ నిలబడ్డాను. ఆయనేమన్నాడో తెలుసా? 'ముందు మీరెళ్ళి బిడ్డని చూసుకోండమ్మా. ఇది నేను పాకనివ్వను,' అన్నాడు. నేను సాయంత్రం తిరిగొచ్చేదాకా అలాగే కూర్చున్నాడు. భోజనానికి కూడా లేవలేదని అటెండరు చెప్పాడు. వచ్చాక ఆయనే అన్నాడు, 'గీతని అక్కడ కాస్త లావు చేసెయ్యండి, మరక అందులో కలిసిపోతుంది. హద్దెక్కడో మనిద్దరికీ తెలుసు కదా,' అని. చేసేశాను. సంతకం పెట్టాడు."

నేను షీటు మీంచి తలెత్తాను. "మరి ఈ మాట పైవాళ్ళకి..."

"చెబుదామని వెళ్ళాను. నోరు తెరవకముందే గాజుముక్క చేతిలో పెట్టారు. ఇన్నేళ్ళూ అతుకు కనపడకుండా గీస్తానని గర్వపడ్డాను చూడు, అదే కొంపముంచింది. మరకలా కనపడితే ఏ గొడవా ఉండేది కాదు. గీతలాగే గీశాను."

ఆ సాయంత్రమే షీటుని కింది వెలుగులో స్కాన్ చేశాను. పెన్సిలు గీత స్పష్టంగా వచ్చింది. ప్రింటు తీసుకుని పెద్ద స్కేలు గారి గదికి వెళ్ళాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"పటం అంటే సిరా. పెన్సిలు కాదు. ఇది ఇంకెవరైనా చూశారా?"

"లేదు సార్," అన్నాను. అది అబద్ధం. గీతలక్క పేరు చెప్పకుండా ఉండటానికే ఆ అబద్ధం ఆడానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను.

"మీ ఉద్యోగం పర్మనెంటు ఎప్పుడు?"

"వచ్చే నెల సార్."

"మంచిది," అంటూ ప్రింటు సొరుగులో పెట్టేసుకున్నారు. నేను తలుపు చప్పుడు కాకుండా మూసి బయటికి వచ్చాను.

రెండు దేశాల సమావేశం మా ఆఫీసు కింది హాల్లోనే పెట్టారు. ఒకప్పుడు ఒకసారి ఇక్కడా, ఒకసారి అక్కడా జరిగేదట. ఇప్పుడు ఎప్పుడూ ఇక్కడే. మన వైపు పద్నాలుగు మంది, తోలు కుర్చీలు. వాళ్ళ వైపు నలుగురు. వాళ్ళ బృందానికి పెద్దగా ఒక నడివయసు అధికారిణి, ఇద్దరు కుర్ర ఇంజనీర్లు, నాలుగోవాడు తెల్లజుట్టు మనిషి. రిటైరైనా సాక్ష్యం కోసం తీసుకొచ్చారు. గుడ్డ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుబల్లాయన అంటే ఆయనేనని గీతలక్క మొహం చూస్తే తెలిసిపోయింది.

పద్ధతి ప్రకారం, ఎవరి ఇంట్లో సమావేశమైతే వాళ్ళే మినిట్స్ రాస్తారు. చివర ఇరువైపులా సంతకం పెడతారు. రాసిందే జరిగినట్టు లెక్క. ఆ రోజు రాసే పని నాకు పడింది. నోటు నాదే కాబట్టి ఆ గౌరవమూ నాదేనన్నారు.

వాళ్ళ అధికారిణి ఎదురుబల్లాయన పాత నోటుబుక్కు తెరిచి చదివింది. "షీటు ముప్పై రెండు. సిరా మరక పడింది. ఇద్దరం ఒప్పుకుని గీతలో కలిపాం. హద్దు పెన్సిలు గీత ప్రకారమే."

"సొంత నోటుబుక్కులో ఎవరేదైనా రాసుకోవచ్చు కదా మేడమ్," అన్నారు పెద్ద స్కేలు. "నేనైతే చంద్రుడు నాదని రాసుకుంటాను." మన వైపు పద్నాలుగు మందీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకిప్పటికీ దవడలో గుర్తుంది.

తర్వాత గీతలక్కని నిలబెట్టారు.

"ఈ గీత గీసింది మీరేనా?"

"నేనేనండీ."

"ఎవరైనా బలవంతం చేశారా?"

"లేదండీ."

"ఎక్కడైనా గీకారా?"

"లేదండీ."

"ఈ సంతకం ఆయనదేనా?"

"ఆయనదేనండీ."

అన్నీ నిజాలే. నాలుగూ రాసుకున్నాను. మరక గురించి ఎవరూ అడగలేదు. "ఇక చాలు, కూర్చోండి," అన్నారు పెద్ద స్కేలు.

అప్పుడు ఎదురుబల్లాయన చెయ్యెత్తాడు. "ఒక్క మాట అడగొచ్చా అండీ?"

"అడగండి అడగండి. పాత స్నేహితులు కదా," అన్నారు పెద్ద స్కేలు కుర్చీలో వెనక్కి వాలి.

ఆయన లేచి నిలబడ్డాడు. షీటు వంక చూడలేదు. "అబ్బాయి ఎలా ఉన్నాడమ్మా? ఆ రోజు జ్వరమన్నారు. మళ్ళీ అడగడానికి కుదర్లేదు."

మనవాళ్ళకి అది కుశల ప్రశ్న. ఒకరిద్దరు చిరునవ్వు కూడా నవ్వారు. గీతలక్క ఊపిరి బిగబట్టింది. నేను ఆ పక్కనే ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది. నిబ్బు ఆనించే ముందు ఎలా బిగబట్టేదో అలాగే.

"బాగున్నాడండీ. మోటార్ల షాపు పెట్టుకున్నాడు," అంది. తర్వాత గొంతు పెంచి, "మరకేనండీ అది. నా చేతిలోంచే పడింది. ఆ ఊట వాళ్ళదే. నేను పెన్సిల్తో గీసినప్పుడూ వాళ్ళదే, ఇప్పుడూ వాళ్ళదే," అంది.

మన వైపు తలలన్నీ పెద్ద స్కేలు వైపు తిరిగాయి.

పెద్ద స్కేలు ఆవిణ్ణి చూడలేదు, నన్ను చూశారు. "సొంత కబుర్లు మినిట్స్‌లోకి అక్కర్లేదు," అన్నారు, చాలా మామూలుగా.

గీతలక్క నా వైపు తిరిగింది. "రాసుకో బాబూ," అంది.

నా కలం కాగితానికి అర అంగుళం ఎత్తులో ఉంది. రాయడానికి రెండు వాక్యాలు. ఫోను తెర పైకే ఉంది. అందులో ఏమీ లేదు. ఆ రోజు మా పాపకి జ్వరం లేదు, దగ్గు లేదు. ఆ వేళకి హాయిగా నిద్రపోయి ఉంటుంది. ఆవిడ చెయ్యి అదరడానికి ఒక కారణం ఉంది. నాది అదరను కూడా లేదు. నిలకడగా, గాల్లోనే ఉండిపోయింది.

"రాసుకో," అంది మళ్ళీ. ఈసారి చిన్నగా, ఇద్దరికే వినపడేలా.

"ఆవిడకి ఒంట్లో బాగున్నట్టు లేదు. టీ తాగుదాం పదండి," అన్నారు పెద్ద స్కేలు. పద్నాలుగు కుర్చీలు ఒకేసారి వెనక్కి జరిగాయి. ఎదురుబల్లాయన ఇంకా నిలబడే ఉన్నాడు. ఆయన చూపు నా కలం మీద ఉంది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ఒక పని రాని కుర్రాణ్ణి పెద్ద పనివాడు చూసినట్టు చూశాడు.

నేను రాసిన మినిట్స్ పేజీన్నర వచ్చాయి. "గీసిన ఉద్యోగి గీత తనదేనని, సంతకం సరైనదేనని ధ్రువీకరించారు." అంతే. వాళ్ళ అధికారిణి రెండుసార్లు చదివింది. "ఆవిడ చెప్పిన మాట ఇందులో లేదు," అంది. పెద్ద స్కేలు గేటు దగ్గర ఆగిన లారీల లెక్క ఎత్తారు. నాలుగు వందలకి పైగా ఉన్నాయట, పదకొండు రోజులుగా. సంతకాలు అయిపోతే ఆ సంగతీ రేపే చూద్దామన్నారు. అధికారిణికి కలం మూత తీయడానికి చాలాసేపు పట్టింది. చివరికి సంతకం పెట్టింది. ఎదురుబల్లాయన మాత్రం తన సంతకం పెట్టనన్నాడు. రిటైరైన మనిషి కాబట్టి అక్కర్లేదన్నారు.

రెండు నెలలకి ఊట చుట్టూ కంచె పడింది. ఆ కొండ మీది ఊరికి ఇప్పుడు ట్యాంకర్లలో నీళ్ళు వెళ్తున్నాయని విన్నాను. రోజు విడిచి రోజు. నాకు పర్మనెంటు ఉత్తర్వు వచ్చింది. కొత్త పటంలో ముప్పై రెండో షీటు దగ్గర చుక్కలు బయటి అంచు మీద పెట్టమన్నారు. పెట్టాను. పదిహేడు చుక్కలు. మౌసు నొక్కిన ప్రతిసారీ చిన్న చప్పుడు వచ్చేది. గీతలక్క తన బల్ల దగ్గర తల వంచుకుని, చివరి వారాల్లో ఆవిడకి ఇచ్చిన పని చేసుకుంటూ ఉండేది. పాత అట్టల మీద సీరియల్ నంబర్లు రాయడం. ఆ చప్పుడు వినపడే ఉంటుంది.

సమావేశం తర్వాత ఆవిడ నాతో మాట్లాడటం మానలేదు. మానేసినా బాగుండేది. "పాప బోర్లా పడుతోందా?" అని అడిగేది. "పళ్ళు వస్తున్నప్పుడు విరేచనాలు మామూలే, కంగారు పడకు," అనేది. నేను నేల చూపులు చూస్తూ జవాబు చెప్పేవాణ్ణి.

రిటైరయ్యే రోజు హాల్లో సభ వద్దంది. జ్ఞాపిక బీరువాలో వదిలేసింది. సాయంత్రం సంచి సర్దుకుని, రేకు డబ్బా పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఇందులో నిబ్బులు మంచివి. నీకు పనికిరావు కానీ ఉంచు," అంది. మూత తీసి, నిబ్బులు పక్కకి జరిపి, అడుగున ఉన్న బ్లాటింగ్ పేపరు మడత విప్పింది.

మధ్యలో నల్లటి మరక. ఆరు మిల్లీమీటర్లు ఉంటుందని కొలవకుండానే తెలిసింది. ముప్పై రెండో షీటులో లావెక్కిన గీత ఆకారమే, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. మూల మీద పాత తేదీ, షీటు నంబరు, చిన్న అక్షరాల్లో సంతకం. సంతకం ఆవిడది కాదు. గీత పక్కన షీటు మీద ఉన్న రెండో సంతకమది.

"ఆ రోజు ఆయన దీని మీద తేదీ వేసి నాకిచ్చాడు. జాగ్రత్త కోసం అన్నాడు. ఎందుకు జాగ్రత్తో నాకప్పుడు అర్థం కాలేదు."

"అక్కా, మరి సమావేశంలో ఇది..."

"తెచ్చాను. సంచిలోనే ఉంది." మడత మళ్ళీ జాగ్రత్తగా వేసి డబ్బాలో నిబ్బుల పైన పెట్టింది. "మాట కాగితం మీద ఉంటేనే కదా దానికి ఇంకో కాగితం జతపరిచేది. నువ్వు రాసుకుంటే ఇద్దామనుకున్నాను."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. పని పద్ధతి చెప్పినట్టు చెప్పింది. డబ్బా నా బల్ల మీద పెట్టి, అలవాటుకొద్దీ అంచు నుంచి లోపలికి ఒకసారి జరిపి, వెళ్ళిపోయింది.

డబ్బా ఇప్పుడు మా ఇంట్లో, నా బట్టల బీరువా కింది సొరుగులో ఉంది. రెండుసార్లు సంచిలో వేసుకుని ఆఫీసుకి బయలుదేరాను. రెండుసార్లూ అలాగే వెనక్కి తెచ్చాను. ఏం చెయ్యాలో మా ఆవిణ్ణి అడగలేదు. అడిగితే ఇదంతా మొదటి నుంచి చెప్పాలి.

మొన్న ఆదివారం పాప తొలిసారి పట్టు లేకుండా నాలుగడుగులు వేసింది. నేను పుస్తకంలో తేదీ, టైము రాసుకున్నాను. ఐదో అడుగుకి బీరువా దగ్గరికి చేరి, కింది సొరుగు పిడి పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. లోపల నిబ్బులు గలగలమన్నాయి.